నేను అడవిలో కలిపేసిన ఊరు

ఇప్పుడు బ్యాంకుల్లో చేరుతున్న పిల్లలు అదృష్టవంతులు. ఇంటి లోను రాదని చెప్పాల్సి వస్తే కంప్యూటరే చెప్పేస్తుంది. అవతలి మనిషి ఫోనులో చదువుకుని, తిట్టాల్సిన వాళ్లను నాలుగు తిట్టుకుని ఊరుకుంటాడు. మా రోజుల్లో ఆ మాట ఎదురుగా కూర్చుని మేమే చెప్పాలి. నేను చెప్పాల్సి వచ్చిన మనిషి చేతిలో సూది ఉంది. అది దిగాల్సింది నా పొట్టలో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా, అడవి అంచున ఉన్న ఒక మండల కేంద్రంలో మా శాఖ ఉండేది. నేను ఫీల్డాఫీసర్ని. అంటే లోను అడిగినవాళ్ల పొలాన్నో, ఇంటినో, గేదెనో వెళ్లి కళ్లారా చూసి, "చూశాను" అని రాసి సంతకం పెట్టడం నా పని. నా పైన మేనేజరు. గోదావరి అవతలి జిల్లా మనిషి. పొద్దున వేసుకున్న ఇస్త్రీ చొక్కాని సాయంత్రం దాకా మడత నలగకుండా కాపాడుకునేవాడు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు "దీనివల్ల నాకేం రాదు కదండీ?" అని అడిగేవాడు. రాదంటే పెట్టేవాడు. ఇక అటెండరు ఆ ఊరివాడే. శాఖ తెరిచిన రోజు నుంచీ ఉన్నాడు. మాకు తెలియనివన్నీ అతనికి తెలుసు. మాకు మాత్రమే తెలుసు అనుకున్నవి కూడా తెలుసు.

ఆ మండలం ప్రభుత్వ దవాఖానాలో ఒక నర్సమ్మ పనిచేసేది. ముప్పై దాటిన వయసు. వాగు అవతలి కోయ ఊరు ఆమెది. ఆ ఊళ్లో నెల జీతం వచ్చే ఉద్యోగం సంపాదించిన మొదటి మనిషి ఆమే. మండల కేంద్రంలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. కప్పు కారుతున్నదని చెబితే "వానాకాలం గదమ్మా, కారక ఏం జేస్తది" అన్నాడట ఆ ఇంటి యజమాని. ఒకరోజు నేరుగా నా బల్ల ముందుకొచ్చి కూర్చుంది.

"సార్, మా ఊళ్ల ఇల్లు కట్టుకుంట. లోను ఇస్తరా, ఇయ్యరా? ఇయ్యకుంటే ఇప్పుడే చెప్పుండ్రి. నన్ను మాత్రం తిప్పకుండ్రి."

మా శాఖలో అంత సూటిగా ఎవరూ అడిగేవాళ్లు కాదు. నాకు ఉత్సాహం వచ్చింది. గవర్నమెంటు ఉద్యోగం, జీతం మా శాఖలోనే పడుతుంది, స్థలం తాతల నాటిది, పంచాయతీ ఇచ్చిన కాగితం ఉంది. ఇంతకంటే ఏం కావాలి? "ఎందుకివ్వమమ్మా? అయిపోయినట్టే అనుకోండి" అన్నాను.

పిల్లలూ, బ్యాంకులో "అయిపోయినట్టే" అనే మాట అనకండి. అది మనకి ఊతపదం. వినేవాళ్లకి మాత్రం ముహూర్తం.

నేను మోటారు సైకిల్ మీద వాగు దాటి వెళ్లి స్థలం చూసొచ్చాను. బడి ఉంది, నీళ్ల ట్యాంకు ఉంది, కరెంటు స్తంభాలున్నాయి. బ్రహ్మాండంగా రిపోర్టు రాసి, దరఖాస్తుతో పాటు ఖమ్మంలోని మా పై ఆఫీసుకు పంపాను. నా మాట నమ్మి నర్సమ్మ పునాది తవ్వించింది. ఆ పూట నన్ను కూడా పిలిచింది. ఊరి పెద్ద వాళ్ల పద్ధతిలో భూమికి మొక్కి కోడిని కోశాడు. ఆ కూర నేను రెండుసార్లు అడిగి మరీ వేయించుకున్నాను. తరవాత చాలా రోజులు నన్ను బాధపెట్టిన విషయాల్లో ఆ రెండోసారి ఒకటి.

ఆ తరవాతి వారం బస్టాండు దగ్గర ఒక కుక్క నా పిక్క పట్టుకుంది. దానికీ నాకూ అంతకుముందు ఏ లావాదేవీ లేదు. కరిచి, వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోయింది. పిచ్చిదో కాదో తెలియదు. డాక్టరు నన్ను పడుకోబెట్టి, బొడ్డు చుట్టూ వేలితో ఒక సున్నా గీసి, "పద్నాలుగు. రోజుకొకటి. ఒక్కరోజు కూడా తప్పొద్దు" అన్నాడు. అప్పట్లో ఆ వైద్యం అదే. ఆ ఇంజక్షన్లు వేసే డ్యూటీ మా నర్సమ్మది.

"బ్యాంకు సారు పొట్ట నా చేతుల పడ్డది" అని నవ్వింది మొదటి రోజు. "లోపలికి గుంజకుండ్రి సార్, సూది వంగుతది. మంచిగ ఊపిరిడువుండ్రి."

మూడో రోజు ఇంజక్షన్ వేయించుకుని, ఒక పక్కకి వంగి నడుచుకుంటూ శాఖకి వచ్చేసరికి పై ఆఫీసు ఉత్తరం నా బల్ల మీద ఉంది. "ప్రతిపాదిత స్థలం రిజర్వు అడవి పరిధిలో ఉన్నందున తనఖాకు పనికిరాదు. దరఖాస్తు తిరస్కరించడమైనది." అంతే. రెండే వాక్యాలు.

ఊరు ఊరంతా అడవి పరిధిలో ఎలా ఉంటుంది? నేను వెళ్లి చూసొచ్చాను కదా! మేనేజరు గదిలోకి వెళ్లి గట్టిగా అరిచాను. ఆయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, నెమ్మదిగా అడిగాడు.

"ఎన్ని ఇంజక్షన్లయినాయండీ?"

"మూడు."

"ఇంకా పదకొండు ఉన్నాయి కదా. అవయ్యాక చెబుదురుగాని ఆవిడకి. ఇప్పుడేం కంగారు?"

నా సర్వీసులో ఆయన ఇచ్చిన సలహాల్లో నేను వెంటనే పాటించింది అదొక్కటే.

ఆ తరవాతి రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు, నా పొట్టకు తెలుసు. పొద్దున్నే వెళ్లి బల్ల మీద పడుకుని చొక్కా పైకెత్తాలి. ఆమె మందు సూదిలోకి తీస్తూ "పైనుంచి ఏమన్న వచ్చిందా సార్?" అని అడిగేది. నేను పైకప్పు చూస్తూ "వస్తుందమ్మా" అనేవాణ్ణి. ఆమె నమ్మేది. కోపంగా, మొరటుగా సూది దింపి ఉంటే నాకు ఎంతో తేలిగ్గా ఉండేది. కానీ ఆమె ముందురోజు గడ్డ కట్టిన చోటు వేలితో తడిమి చూసి, "ఇటు దిక్కు నొస్తుంది గద, ఇయ్యాల అటు ఏస్త" అని చోటు మార్చేది. ఆరో రోజు నీరసంగా ఉన్నానని ఊరి నుంచి తునికి పండ్లు తెచ్చి ఇచ్చింది. వాటిని తినలేకా, పారేయలేకా శాఖకి తీసుకెళ్లాను. మేనేజరు తిన్నాడు. బాగున్నాయన్నాడు.

ఊరికే కూర్చోలేదు నేను. పై ఆఫీసుకి ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. "సదరు గ్రామం అడవిలో ఉన్నదని కళ్లు మూసుకుని రాసిన అధికారి ఎవరో, ఆ నివేదిక ఏదో, దయచేసి నకలు పంపగలరు. ఇటువంటి బాధ్యతారహితమైన అధికారుల వల్లనే బ్యాంకు ప్రతిష్ఠ మంటగలుస్తున్నది." చివరి వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, అటెండరుని పిలిచి చదివి వినిపించాను. "మస్తు రాసిండ్రు సార్" అన్నాడు.

ఎనిమిదో రోజు తపాలాలో నకలు వచ్చింది. కవరు విప్పింది అటెండరు. కాగితం తీసి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"సార్, గీ 'అ' కి తోక గిట్ల కిందికి గుంజి రాసేది మీరే గద?"

నేనే. కింద సంతకం కూడా నాదే.

ఆ శాఖకి కొత్తగా బదిలీ మీద వచ్చినప్పుడు, మండలంలోని ఊళ్లన్నిటికీ వివరాల రిజిస్టరు ఒకటి తయారు చేయమన్నారు. ఊరికో పేజీ. జనాభా ఎంత, భూమి ఏ రకం, రోడ్డు ఉందా, ఇలాంటివి. నేను ఊరూరా తిరిగాను. అబద్ధం కాదు, దాదాపు అన్నీ తిరిగాను. ఆ ఊరి వంతు వచ్చిన రోజు వాగు పొంగుతోంది. ఇవతలి గట్టున ఒక హోటలు ఉండేది, చాయ్ బాగా చేసేవాడు. అక్కడ కూర్చుని, మేకల్ని తోలుకుపోతున్న ఒక మనిషిని అవతల ఏముందని అడిగాను. అతను చెయ్యి ఊపి "అటంత అడవే సార్" అన్నాడు. నేను రెండో చాయ్ తాగుతూ "గ్రామము మొత్తము రిజర్వు అడవిలో కలదు" అని రాసి, కింద "స్వయంగా పరిశీలించితిని" అని సంతకం పెట్టాను. ఆ తరవాత పై ఆఫీసులో కంప్యూటర్లు వచ్చాయి. నా పేజీ ఎక్కించారు. మనిషి మాట అయితే ఎవరైనా మళ్లీ అడుగుతారు. కంప్యూటరులో ఉన్నదాన్ని ఎవరూ అడగలేదు. కొన్నేళ్ల తరవాత, ఆ పేజీ సంగతే మరిచిపోయి, అదే ఊరి గురించి నేనే దరఖాస్తు పంపితే, నా చేతి రాతే నన్ను తిరస్కరించింది.

మేనేజరు నకలు చూసి "అమ్మయ్య, నా హయాంలోది కాదు" అన్నాడు.

ఆ రాత్రంతా ఆలోచించి, తొమ్మిదో రోజు పొద్దున వెళ్లి బల్ల మీద పడుకున్నాను. ఆమె సూదిలోకి మందు తీసింది. ఇంక ఆపుకోలేకపోయాను. "అమ్మా, మీ లోను రాలేదు. రాలేదని తెలిసి ఆరు రోజులైంది. రాకపోవడానికి కారణం నేనే" అని మొత్తం చెప్పేశాను. వాగు, చాయ్, మేకల మనిషి, అన్నీ.

ఆమె సూది పైకెత్తి, గాలి బుడగ తీసి, ఎప్పుడూ లేనంత మెల్లగా వేసింది. దూది పెట్టి అదిమింది. అప్పుడు మాట్లాడింది.

"గీ ముచ్చట ఇంజక్షన్ ఏసినంక చెప్పొచ్చు గద సార్? నా చెయ్యి వణికితే మీకే ఆయె నొప్పి."

"క్షమించండమ్మా."

"నేను ఆ ఊళ్లనే పుట్టిన. ఆ ఊరి బడిల చదివిన. ఓటున్నది, రేషన్ కార్డున్నది. నెల నెల కరెంటు బిల్లు వస్తది, అది మాత్రం అడివని ఆగది. మీ బుక్కుల మాత్రం మేం లేము." వాడిన సూదిని ట్రేలో పడేసింది. "పునాది తవ్వి పెట్టుకున్న. ఇటుకలకి బయానా ఇచ్చిన. వానలొస్తె అంత కూలుతది. మా ఊరోళ్లు ఇప్పటికే అడుగుతుండ్రు, బ్యాంకు సారు కోడికూర తినిపాయె, ఏమాయె అని."

ఆ కూర మాట రాకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

"ఏం చెయ్యమంటారమ్మా?"

"నన్నేం అడుగుతరు? అప్పుడు కూసొని రాసిండ్రు గద. ఇప్పుడు నడిచి రాయుండ్రి."

పై ఆఫీసుకి ఫోను చేశాను. ఊరు అడవి హద్దుకి బయట ఉందని అటవీశాఖ అధికారి కాగితం కావాలన్నారు. కొత్త రిపోర్టు మీద నా సంతకం ఒక్కటే చాలదట. "మీ సంతకం సంగతి చూశాం కదా" అన్నాడు అవతలాయన. మేనేజరు కూడా స్వయంగా వెళ్లి చూసి సంతకం పెట్టాలట. ఆ మాట చెబితే మేనేజరు మొహం చిన్నబోయింది. "దీనివల్ల నాకేం..." అని మొదలుపెట్టాడు. "వస్తుందండీ. మీరు రాకపోతే నా మీద ఉన్నట్టే మీ మీద కూడా ఒక కాగితం వస్తుంది" అన్నాను. లేచి బూట్లు వెతుక్కున్నాడు.

పన్నెండో రోజు పొద్దున బయల్దేరాం. నేను, మేనేజరు, ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు, నర్సమ్మ. సెక్షన్ ఆఫీసరు ముక్కుసూటి మనిషి. చంకలో మ్యాపు చుట్ట. "నేను కండ్లతోని చూసిందే రాస్త సార్. ఒక్క ముక్క ఎక్కువ రాయ, తక్కువ రాయ" అని ముందే చెప్పాడు. నాకు సిగ్గేసింది.

వాగులో మోకాలి లోతు నీళ్లు. మేనేజరు బూట్లు చేతిలో పట్టుకుని, ఫైలు నెత్తిన పెట్టుకుని దిగాడు. నడి వాగులో పాచి రాయి మీద కాలు జారింది. ఫైలుని కాపాడాడు. ఇస్త్రీ చొక్కాని కాపాడలేకపోయాడు. అంతవరకూ కోపంగా ఉన్న నర్సమ్మ మొదటిసారి నవ్వింది. అవతలి గట్టుకి చేరాక ఆయన చొక్కా విప్పి పిండుకుని, బనీనుతోనే నడిచాడు. అలా ఆయన ఎంతో బాగున్నాడు.

ఊళ్లోకి వెళ్లగానే నర్సమ్మ భుజాన మోసుకొచ్చిన మందు ఐస్ బాక్సు దించింది. "ముందు మీ పన్నెండోది అయిపోవాలె సార్" అంది. పునాది గట్టు మీద కూర్చోబెట్టి చొక్కా ఎత్తించింది. ఊళ్లో జనమంతా చుట్టూ నిలబడ్డారు. కోడికూర తిని లోను ఇవ్వని సారుకి ఇలాంటి శిక్ష ఒకటుందని వాళ్లకి అప్పుడే తెలిసింది. ఎవరి మొహంలోనూ జాలి కనబడలేదు.

అడవి హద్దు అంటే కంచె కాదు. నంబరు చెక్కిన రాళ్లు వరసగా పాతి ఉంటాయి. మ్యాపు ప్రకారం ఊరికి అవతల, గుట్ట వాలులో ఉండాలి. గుట్ట ఎక్కాం. నలభయ్యో రాయి కనబడింది. నలభై రెండో రాయి కనబడింది. నలభై ఒకటి లేదు. పొదలన్నీ వెతికాం. ఎండ మాడుస్తోంది. సెక్షన్ ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు. "మధ్యల రాయి లేకుంటే లైను ఎట్ల పోతదో నేనెట్ల చెప్త సార్?"

దిగులుగా కిందికి దిగాం. మొహం కడుక్కుందామని వాగు దగ్గరికి వెళ్లాం. అక్కడ ఒక ముసలామె బట్టలు ఉతుకుతోంది. నర్సమ్మకి అమ్మమ్మ వరస. బట్ట ఎత్తి బండ మీద వేసి కొట్టినప్పుడల్లా సబ్బు నురగ జారుతోంది. నురగ జారిన చోట అంకె కనబడింది. నలభై ఒకటి.

సెక్షన్ ఆఫీసరు నోరు తెరిచాడు. "రాయి ఈడున్నదా! సార్, లైను గిట్ల తిరిగితే ఊరంత అడివిల పడ్తది. ఇగ నా కండ్లతోని చూసిన."

అంటే ఆ చాయ్ హోటల్లో నేను రాసిందే నిజమవుతుందన్నమాట!

"అవ్వా, ఈ రాయి ఎక్కడిది?" అని అడిగాను.

"నాదే" అంది ముసలామె, బట్ట ఆపకుండా. "నా పెండ్లినాటి కెల్లి నాదే."

సెక్షన్ ఆఫీసరు ఒంటి మీది యూనిఫాం చూసి ఆమె ఇంకేమీ చెప్పలేదు. నర్సమ్మ పక్కన కూర్చుని, వాళ్ల భాషలో మెల్లగా ఏదో చెప్పింది. ముసలామె మా ముగ్గురినీ ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసింది. బనీను మీదున్న మేనేజరు దగ్గర ఆగి, ఇతని వల్ల ప్రమాదం లేదని తేల్చుకున్నట్టుంది, నవ్వింది.

"మా ముసలోడు తెచ్చిండు" అంది. "వాగుల రాళ్లన్ని గుండ్రంగుంటయి, బట్టలు నిలువయి. సాపు బండ కావాలెనని నేనే పోరు పెట్టిన. కొత్త పెండ్లం గద, మాట ఇన్నడు. గుట్ట మీదికెల్లి ఒక్కడే మోసుకొచ్చిండు." ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె కళ్లలో గర్వం చూడాలి.

"ఎక్కడ్నుంచి తెచ్చిండో చూపిస్తవా అవ్వా?" అన్నాడు సెక్షన్ ఆఫీసరు. అతని గొంతు మెత్తబడింది.

చూపించింది. మాకంటే వేగంగా గుట్ట ఎక్కింది. నలభైకీ నలభై రెండుకీ సరిగ్గా మధ్యన, ఆకుల కింద, చుట్టూ చిన్న రాళ్లు పేర్చిన గుంట. కొలిచాడు, మ్యాపు చూశాడు, గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. "ఇదే" అన్నాడు. ఊరు హద్దుకి అవతల కాదు, ఇవతలే ఉంది. నర్సమ్మ చెట్టుకి ఆనుకుని కళ్లు మూసుకుంది.

కానీ రాయి దాని చోట్లో ఉంటేనే తాను కాగితం రాస్తానన్నాడు సెక్షన్ ఆఫీసరు. ఇక తప్పలేదు. ఒక నులక మంచం తెచ్చి, రాయిని దాని మీద పడుకోబెట్టాం. నాకు పన్నెండు ఇంజక్షన్ల పొట్ట కాబట్టి మినహాయింపు. ఒక పక్క సెక్షన్ ఆఫీసరు, మేనేజరు, ఇంకో పక్క ఊరివాళ్లిద్దరు మంచం కోళ్లు భుజాన పెట్టుకున్నారు. వెనక ముసలామె. "నా బండ తీస్కపోతుండ్రు, నేను దేని మీద ఉతకాలె?" అని దారంతా ఆమె గొడవే. సగం గుట్టకి నులక తెగింది. రాయి దొర్లి మేనేజరు కాలి బొటనవేలికి వెంట్రుక వాసి దూరంలో ఆగింది. ఆయన రొప్పుతూ, చెమటలు కక్కుతూ వెనక్కి తిరిగాడు. "అవ్వా, నీకు కొత్త బండ నేను కొనిస్తానమ్మా. సాపుగా ఉండేది. నా మాట నమ్ము" అన్నాడు. ఏ ఫైలు మీదా అంత ధైర్యంగా ఆయన హామీ ఇవ్వగా నేను చూడలేదు. ఆ మాటకి నిలబడ్డాడు కూడా. వారం తిరక్కుండా ఎడ్లబండి మీద నున్నటి నాపరాయి పంపించాడు.

రాయిని ఎలాగో పైకి చేర్చి గుంటలో పాతాక, సెక్షన్ ఆఫీసరు తన కాగితం రాసిచ్చాడు. కొత్త రిపోర్టు పునాది గట్టు మీదే కూర్చుని రాశాను. మేనేజరు ఏమీ అడక్కుండా సంతకం పెట్టాడు.

కథ అక్కడితో అయిపోలేదు. ఒకే అధికారి ఒకే ఊరి గురించి రెండు రకాలుగా రాయడానికి కారణమేమిటో సంజాయిషీ ఇవ్వమని నాకు మెమో వచ్చింది. ఏవేవో సాకులు రాసి చింపేశాను. చివరికి ఇలా రాశాను: "మొదటిది వెళ్లకుండా రాసినది. రెండవది వెళ్లి రాసినది." మందలిస్తూ ఒక ఉత్తరం ఇచ్చి, నా సర్వీసు ఫైల్లో ఒక కాపీ పెట్టారు. న్యాయమే. లోను మంజూరయ్యేసరికి వానలు మొదలై, పునాదిలో నీళ్లు నిండి, ఒక గట్టు కూలింది. ఆ నష్టం నర్సమ్మే భరించింది. దాని గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. వానలు తగ్గాక మళ్లీ తవ్వించి, చలికాలం పోయేలోపు ఇల్లు లేపింది.

మరుసటి వానాకాలం, లోను ఇచ్చిన ఇంటిని తనిఖీ చేసే పని మీద వెళ్లాను. వాగు నడుము లోతు ఉంది. ఎవరూ అడగకపోయినా దాటి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. ముందు గదిలో చాపల మీద నిండు నెలల ఆడవాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాగు పొంగితే దవాఖానాకి పోలేరు కాబట్టి, చుట్టుపక్కల గూడేల వాళ్లు నొప్పులు రాకముందే నర్సమ్మ ఇంటికి వచ్చేస్తున్నారట. వాళ్లకి తోడు మా నలభై ఒకటో నంబరు ముసలామె. నర్సమ్మ లోపలి గదిలోంచి తల బయటికి పెట్టి, "కూసోండ్రి సార్, జర పనిల ఉన్న" అని మళ్లీ తలుపు వేసుకుంది.

అరుగు మీద కూర్చుని ఫారం తీశాను. "ఇంటిలో నివసించుచున్న వారి సంఖ్య" అని ఒక గడి ఉంది. నర్సమ్మ, ముసలామె, ముందు గదిలో ఇద్దరు, లోపల నొప్పులు పడుతున్న ఒకామె. ఐదు అని రాశాను. సంతకం పెట్టబోతుంటే లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

ఐదు కొట్టేసి ఆరు రాశాను. కొట్టివేత దగ్గర పొట్టి సంతకం పెట్టి, "స్వయంగా పరిశీలించితిని" అని రాశాను.